ఆశ అక్క ఆఖరిసారి వచ్చిన రోజు

మాది వరంగల్. మా ఆయన ఎనుమాముల మార్కెట్లో హమాలీ. బస్తా మోస్తేనే ఆ పూట కూలి. రెండో కాన్పు ఆపరేషన్‌తో అయింది. మూడో వారం నుంచి నాకు నిద్ర పట్టడం మానేసింది. బాబు పడుకున్నా నాకు కన్ను మూతపడేది కాదు. వాడు ఏడిస్తే లేవాలని తెలుస్తూనే ఉండేది, చెయ్యి మాత్రం కదిలేది కాదు. ఒకరోజు పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే అట్లాగే చూస్తూ కూర్చున్నాను.

"పచ్చి బాలింతవు, గాలి సోకింది" అని అత్తమ్మ తాయత్తు కట్టించింది. ఆమెను తప్పుపట్టను, ఆమెకు తెలిసింది అదే. కుట్లు చూపించుకోవడానికి పోయిన దవాఖానలో చెప్తే, "అందరు తల్లులకూ ఉండేదే" అన్నారు. ఇక ఎవరికీ చెప్పొద్దనుకున్నాను.

దవాఖానలో కాన్పు అయితే ఆశ వర్కర్, మేము ఆశ అక్క అంటాం, ఇంటికి ఆరుసార్లు వస్తుంది. మూడో రోజు మొదలు, 42వ రోజు ఆఖరు. ఆ ఆఖరిసారి బాబును గుడ్డలో వేసి, కాటా కొక్కేనికి తగిలించి బరువు చూసింది, రాసుకుంది. లేచి పోతుందనుకున్నా. కాటా పక్కన పెట్టి, నా దగ్గర కింద కూర్చుని, "నువ్వు తింటున్నవా చెల్లే?" అంది. ఏడుపు ఆగలేదు. "బతకాలనిపిస్తలేదక్కా" అన్నాను.

ఆమె కంగారుపడలేదు, తిట్టలేదు. తన ఫోన్‌ నుంచే 14416కు చేసింది. అది టెలీ మానస్, మనసు బాగాలేనివాళ్లకు సర్కారు ఫోన్ సాయం: పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. అవతలి మేడమ్ ముందుగా అడిగింది, ఇప్పుడు నీ పక్కన ఎవరున్నారని. నన్ను ఒంటరిగా వదలొద్దని అత్తమ్మకూ ఫోన్లోనే చెప్పింది. ఆ రాత్రి అత్తమ్మ నా చెయ్యి పట్టుకునే పడుకుంది.

మర్నాడు ఆశ అక్కతో ఎంజీఎం దవాఖాన మానసిక విభాగానికి పోయాను. ఆధార్ చూపిస్తే ఇద్దరికీ బస్సులో జీరో టికెట్. లేకపోతే ఛార్జీల లెక్క చూసుకుని ఆగిపోయేదాన్నేమో. కాన్పయ్యాక వచ్చే దిగులు రెండు వారాల్లో తగ్గుతుందని, నాది డిప్రెషన్ అని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. పాలిస్తూనే వేసుకోగల మాత్ర రాసింది. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో ఆపొద్దంది.

మాత్ర మొదలుపెట్టిన మూడో వారంలో ఒక రాత్రి నాలుగు గంటలు ఏకధాటిగా నిద్రపోయాను.

మళ్లీ ఓపీ మంగళవారం. మార్కెట్‌కు మిర్చి మస్తుగా వస్తోంది, హమాలీలకు ఇదే సీజన్. ఆ పూట పనికి పోనని, పెద్దదాన్ని తనే చూసుకుంటానని మా ఆయన అన్నాడు.