దూరపు నడకకు సామాను: తడిస్తే ఏమవుతుందో ముందు చూడండి

పది, పదిహేను రోజులు కొండదారుల్లో నడవబోతున్నారా? బట్టయినా బూటైనా కొనేముందు ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది తడిస్తే ఏమవుతుంది? వాన సంగతి తర్వాత, ముందు మన చెమటే చాలు. బరువేసుకుని ఎత్తెక్కితే గంటలో చొక్కా పిండుకోవచ్చు. అదే చొక్కాతో పైన గాలిలో ఆగితే కాసేపటికే వణుకు పుడుతుంది.

అందుకే కాటన్ వద్దు. నీళ్ళు పీల్చుకుని ఓ పట్టాన ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. జీన్స్ అయితే బరువెక్కి తొడలు ఒరిపిస్తుంది. పాలిస్టర్ తొందరగా ఆరుతుంది కానీ రెండో రోజుకే కంపు. మెరీనో (ఒక జాతి గొర్రెల సన్నటి ఉన్ని) అంత తొందరగా వాసన పట్టదు, తడిసినా కొంత వెచ్చగానే ఉంటుంది. ఖరీదెక్కువ, పల్చటిదైతే తొందరగా చిరుగుతుంది. దీనిపైన ఒక ఫ్లీస్ (నూగుగా, మెత్తగా ఉండే వెచ్చటి జాకెట్), ఆపైన వానకోటు. ఎక్కుడు మొదలయ్యే ముందే ఒక పొర తీసెయ్యండి. కొంచెం చలేస్తుండగా బయల్దేరడమే సరైన పద్ధతి. వానకోటుకి చంకల కింద జిప్పులుంటే చాలా మేలు, ఎంత గాలాడే బట్టయినా ఎక్కుడులో చెమటను పూర్తిగా బయటికి పంపలేదు.

ఇక పాదాలు. నా దృష్టిలో డబ్బూ సమయమూ అన్నిటికంటే ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడే. చెమటకి నానిన చర్మం ఒరుసుకుంటే తొందరగా పొక్కు లేస్తుంది. బూట్లు సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బాక, నడకలో వేసుకునే సాక్సులతోనే చూసుకోండి. లేసులు వదులు చేసి పాదాన్ని ముందుకు తోస్తే మడమ వెనక చూపుడువేలు దూరాలి. ఆ చోటు లేకపోతే దిగుడులో వేళ్ళు ముందుకు గుద్దుకుని గోళ్ళు నల్లబడతాయి. మడమ లేస్తుంటే, పై రెండు కన్నాల మధ్య లేసును అదే వైపు చిన్న ఉచ్చులా వదిలి, రెండు కొసల్నీ ఎదుటి ఉచ్చుల్లోంచి దూర్చి కిందికి లాగి ముడెయ్యండి. మడమ కదలదు.

వాటర్‌ప్రూఫ్ బూట్లు మంచులో, చలిలో సరే. వాగులు దాటే దారుల్లో మాత్రం పైనుంచి దిగిన నీళ్ళు లోపలే ఉండిపోతాయి. జాలీ బూట్లయితే నడుస్తుండగానే ఆరతాయి. సాక్సులు మూడు జతలు చాలు: రెండు నడకకి, ఒకటి పడుకోవడానికి మాత్రమే. పాదంలో ఎక్కడైనా మంట అనిపిస్తే ఆ క్షణమే ఆగి టేపు అంటించండి, "శిఖరం చేరాక చూద్దాం" అనుకుంటే పొక్కే. టేపు మూలలు గుండ్రంగా కత్తిరించాలి, లేకపోతే సాక్సు తగిలి లేచిపోతుంది.

బ్యాగు ఎన్ని లీటర్లన్నది కాదు, మీ వీపు పొడవుకి సరిపోయిందా అన్నదే చూడాలి. మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి ఎముకల పైఅంచు ఎత్తు వరకు కొలవండి. వేసుకునేటప్పుడు ముందు నడుం బెల్టు తుంటి ఎముకల మీద బిగించాలి, తర్వాతే భుజం పట్టీలు. వరస తిరగబడితే బరువంతా భుజాల మీద పడుతుంది. పైకవరు నమ్ముకోకండి, వీపు వైపు నుంచి నీళ్ళు దిగుతాయి. లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి పరిచి అందులోనే సర్దండి. నీళ్ళు లీటరుకి కిలో బరువు, ఆ లెక్క కూడా కలపండి.

స్లీపింగ్ బ్యాగులో ఈకలది తేలిక, కానీ తడిస్తే ముద్దయిపోతుంది. తేమ దారుల్లో సింథటిక్ మేలు. బ్యాగు మీద రాసిన రెండు ఉష్ణోగ్రతల్లో 'లిమిట్' (ముడుచుకుని ఎలాగో నెట్టుకొచ్చే చలి) కాదు, 'కంఫర్ట్' (హాయిగా నిద్రపట్టే చలి) అన్నదే చూడండి. కింద చాప సరిగా లేకపోతే ఎంత మంచి బ్యాగైనా చలే, ఒంటి బరువుకి నలిగిన భాగం వేడి పట్టదు.

అన్నీ కొన్నాక పూర్తి బరువుతో వరసగా రెండు రోజులు నడవండి. మొదటి రోజు బాగానే ఉంటుంది. రెండో రోజు బెల్టు కింద, భుజం పట్టీ కింద చర్మం ఎర్రబడిన చోట్లు చూసుకోండి. అక్కడ చొక్కా కుట్టు ఉంటే ఆ చొక్కా ఇంట్లో వదిలెయ్యండి.