ముందు బ్రేకులు నేనే మార్చాలా, మెకానిక్‌కే ఇవ్వాలా? కడపలో నా అనుభవం

ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు మార్చడం పెద్ద విద్యేమీ కాదని వీడియోల్లో అందరూ చెప్తారు. మాట నిజమే. చక్రం ఊడదీసి, చక్రంతో పాటు తిరిగే డిస్కుకు ప్యాడ్లను అదిమే క్యాలిపర్ బోల్టు విప్పి పైకెత్తి, పాత ప్యాడ్లు లాగేసి, ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌ను లోపలికి నొక్కి, కొత్తవి పెట్టి బిగించేయడమే. మా పాత స్విఫ్ట్‌కు వెనకాల ఈ ప్యాడ్లు లేని డ్రమ్ము బ్రేకులు, ముందు మాత్రమే డిస్కులు. అంటే పనంతా రెండు చక్రాలకే. అయినా నేనే చేయాలా వద్దా అని తేల్చుకోవడానికి నాకు పట్టిన సమయంలో ఆ పని హాయిగా అయిపోయేది.

మొదట వచ్చింది శబ్దం. ఏడు రోడ్ల దగ్గర ట్రాఫిక్‌లో మెల్లగా బ్రేకు తొక్కితే ఎడమ పక్క నుంచి కీచుమని సన్నగా వినిపించేది. చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఇనుప రేకు ఉంటుంది. ప్యాడ్ అరిగి పలచబడ్డాక ఆ రేకు డిస్కుకు తగిలి అరుస్తుంది, మార్చే టైం వచ్చిందని చెప్పడానికే దాన్ని పెడతారు. కీచుమంటే ఇంకా కొంచెం మిగిలున్నట్టు. గరగరమని వినిపిస్తే మాత్రం ప్యాడ్ అయిపోయి ఇనుము ఇనుము రాసుకుంటున్నట్టే, ఇక బండి తీయకూడదు.

ఒక సర్వీస్ సెంటర్‌లో అడిగితే చక్రం కూడా విప్పకుండానే "ప్యాడ్లతో పాటు డిస్కులు కూడా మార్చాల్సి వస్తుంది సార్" అన్నారు. చూడకుండానే ఎలా తెలిసిందో! నేనే చేసుకుందామన్న ఆలోచన అక్కడే పుట్టింది. కోపంలో పుట్టిందని ఇప్పుడు అనిపిస్తుంది గానీ చెడ్డ ఆలోచన మాత్రం కాదు.

వెనక్కి లాగింది గువ్వలచెరువు ఘాట్. మా అత్తగారి ఊరు రాయచోటి. పండగకో పెళ్లికో ఆ కొండ ఎక్కి దిగడం మాకు మామూలే. వెళ్లేటప్పుడు పైన పాలకోవా కట్టించుకుంటాం, తిరిగొచ్చేటప్పుడు కడప వైపు మలుపుల్లో దిగుతాం. బ్రేకులు పట్టని లారీల కథలు ఆ రోడ్డు మీద తిరిగే ప్రతి ఇంట్లోనూ ఒకటైనా ఉంటుంది. ఊళ్లో ముప్పై స్పీడులో ఆగే బండి అక్కడ ఆగుతుందన్న నమ్మకం లేదు. దిగుడంతా బ్రేకు తొక్కుతూనే పోతే ప్యాడ్లు, డిస్కులు కాగిపోయి పట్టు తగ్గుతుంది. పెడల్ నొక్కుడును చక్రాల దాకా చేర్చే బ్రేకు ఫ్లూయిడ్ పాతదై తేమ పీల్చుకుని ఉంటే ఆ వేడికి అది కూడా మరిగి ఆవిరి పడుతుంది, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది.

మా మామ ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. ఫోన్‌లో విషయం చెప్పాను.

"నువ్వు చేస్తావో మెకానిక్ చేస్తాడో తరవాత సంగతి నాయనా. ముందు చక్రం ఇప్పి చూడు. చూడకుండా ఎట్ల చెప్తావు?"

"చూసినాక నేనే చేసేస్తా మామా."

"చెయ్యి, వద్దనలే. సగంలో బోల్టు రాకపోతే ఆ బండిని యాడికి తోస్తావు?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇంటి ముందర స్థలం కూడా ఈ పనికి పనికిరాదు. వసారాలో పరిచింది కడప బండలు, పైగా నీళ్లు పోవడానికి వాలుగా వేయించాం. నున్నటి రాయి మీద, వాలులో జాకీ నిలబెట్టి దాని పక్కన కూర్చోవడం మంచిది కాదు. అసలు డిక్కీలో వచ్చే జాకీ స్టెప్నీ మార్చుకోవడానికే. దాన్ని ఒక్కదాన్నే నమ్మి పని చేయకూడదు, బండి బరువు జాక్ స్టాండ్ మీదికి దించాలి. తెలిసినవాళ్ల రైస్ మిల్లు ఆవరణలో చదునైన సిమెంటు నేల ఉంది. స్టాండ్లు కూడా అక్కడే దొరికాయి. ఆదివారం పొద్దున్నే, ఎండెక్కకముందే బండి అక్కడికి తీసుకెళ్లాను. చూడటం వరకే అని ఇంట్లో మాటిచ్చి వెళ్లాను.

వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వీల్ నట్లు నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తాను. కుడి పక్క చక్రం తీస్తే ప్యాడ్లు రెండూ సమంగా అరిగున్నాయి, మూడు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువే. డిస్కు నునుపుగా ఉంది, అంచున మాత్రం సన్నటి గట్టు. డిస్కు ఎంతవరకు అరగవచ్చో ఆ కనీస మందం దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. మా అబ్బాయి ఇంజినీరింగ్ ల్యాబ్ కోసం కొన్న వెర్నియర్‌తో కొలుద్దామంటే అంచున అరగని గట్టు అడ్డమొచ్చి ఎక్కువ చూపిస్తోంది. రెండు పక్కలా ఒక్కో రూపాయి బిళ్ల పెట్టి, దవడలు బిళ్లల మీద ఆనేలా కొలిచి, బిళ్లల మందం తీసేస్తే సరైన లెక్క వచ్చింది. డిస్కుకు ఇంకా ఆయుష్షుంది. ఎడమది కూడా అలాగే కొలిచాను, అదీ పరవాలేదు. ఆ ఒక్క కొలతతో డిస్కుల ఖర్చు మిగిలింది. నా ఆదివారానికి దక్కిన లాభం అదే.

ఎడమ పక్క ప్యాడ్లు వేరే కథ చెప్పాయి. బయటి ప్యాడ్ బాగానే ఉంది, లోపలిది కాగితంలా అయిపోయింది. ఈ రకం క్యాలిపర్‌లో పిస్టన్ లోపలి పక్కే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను నొక్కగానే క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను కూడా డిస్కుకు అదమాలి. పిన్ను పట్టేస్తే క్యాలిపర్ జరగదు, పనంతా లోపలి ప్యాడే చేస్తుంది. పిస్టన్ సరిగా వెనక్కి రాకపోయినా ఇలాగే అరుగుతుంది. రెండిట్లో ఏదో చెప్పగలిగే అనుభవం నాకు లేదు. కొత్త ప్యాడ్లు పెట్టేస్తే శబ్దం పోతుంది, రోగం ఉండిపోతుంది. చక్రం మళ్లీ బిగించి, ఇది నా పని కాదని అక్కడే తేల్చేసుకున్నాను. కుడి పక్క లాగే ఉండుంటే మాత్రం నేనే చేసేవాణ్ని.

ప్యాడ్లు మాత్రం నేనే కొన్నాను, కంపెనీ విడిభాగాల కౌంటర్‌లో బిల్లుతో. డూప్లికేట్లు తిరిగే సరుకు ఇది. ముందు రెండు చక్రాలకూ కలిపే మార్చాలి, ఒక పక్కే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగొచ్చు. మెకానిక్ భాయ్ "దగ్గరుండి చూసుకుంటా" అన్నందుకు ఏమీ అనుకోలేదు, కూర్చోవడానికి స్టూలు కూడా వేశాడు. నా మటుకు నేను పక్కన నిలబడనివ్వని షెడ్డుకు బండి ఇవ్వను.

"పిన్ను పట్టేసింది సార్. రబ్బరు చినిగి దుమ్ము, నీళ్లు పోయినాయి" అని చూపించాడు. పిన్ను తుప్పు పట్టి ఎర్రగా ఉంది. పిస్టన్‌ను నొక్కితే మెల్లగా, సాఫీగా లోపలికి పోయింది, దానికేమీ కాలేదు. పిన్ను, రబ్బరు బూటు కొత్తవి వేసి బ్రేకు గ్రీజే రాశాడు. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. విప్పిన క్యాలిపర్‌ను గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో స్ప్రింగుకు కట్టాడు. పిస్టన్ నొక్కేముందు ఫ్లూయిడ్ డబ్బా మూత తీసి మట్టం చూశాడు, ఎందుకంటే నొక్కినప్పుడు ఫ్లూయిడ్ వెనక్కి ఎక్కుతుంది, పొంగి పడితే పెయింటు లేచిపోతుంది.

అంతా బిగించాక స్టార్ట్ చేయబోతుంటే ఆపాడు. "ముందు పెడల్ కొట్టండి సార్." మొదటిసారి తొక్కితే కాలు నేల దాకా పోయింది. గుండె ఝల్లుమంది. పిస్టన్ వెనక్కి పోయి ఉంది కదా, ప్యాడ్ల దాకా రావాలంటే కొన్నిసార్లు తొక్కాలి. సొంతంగా చేసేవాళ్లు ఈ ఒక్కటి మరిచిపోతే బండి కదిలాక మొదటి బ్రేకే పడదు.

తర్వాత బైపాస్ మీద, రద్దీ లేని చోట, యాభై నుంచి పదిహేనుకు మెల్లగా తగ్గిస్తూ మధ్యలో చల్లారనిస్తూ కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేశాను. రాయచోటి ప్రయాణం ఆ తర్వాతే పెట్టుకున్నాం. దిగేటప్పుడు మామ చెప్పినట్టు ఎక్కిన గేర్‌లోనే దిగాను. ఫ్లూయిడ్ మార్చి రెండేళ్లు దాటింది కాబట్టి వచ్చే నెల ఆ పని ఉంది. అది కూడా భాయ్ దగ్గరే. బ్రేకు గొట్టాల్లో గాలి తీయడానికి పెడల్ తొక్కే మనిషి ఇంకొకరు కావాలి కదా, ఆ పని నాకిస్తానన్నాడు.