రంగం వైపు కిటికీ

మా అత్తయ్యది కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోట పుట్టి, పెళ్లయ్యేదాకా కెరటాల హోరులోనే పెరిగారు. ఇప్పుడు ఆవిడకు డెబ్బై ఒక్కటి. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా సముద్రం మీదికి వెళ్లలేదు. మా శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. రాష్ట్రంలో మరే జిల్లాకూ అంత తీరం లేదు. అయినా ఇక్కడి ఆడవాళ్లకు సముద్రం అంటే ఒడ్డున నిలబడి చూసేదే. వేటకు వెళ్లినవాళ్లు వచ్చేదాకా చూస్తారు. గుజరాత్‌లోని వేరావల్‌కు వలస వెళ్లినవాళ్ల కోసమైతే నెలల తరబడి చూస్తారు. అత్తయ్య వాళ్ల నాయనమ్మ ఇంకా దూరం చూసింది. ఆవిడ భర్త, అంటే అత్తయ్య తాతగారు, వయసులో ఉండగా రంగం వెళ్లారు. బర్మాలోని రంగూన్‌ను మా వైపు పాతవాళ్లు అలాగే అంటారు.

గత జూలైలో మేం ఆరుగురం, అత్తయ్య, మామయ్య, మావారు, నేను, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, ఎనిమిదేళ్ల బాబు, విశాఖపట్నంలో విహారయాత్రల ఓడ (క్రూయిజ్) ఎక్కి, పుదుచ్చేరి చూసుకుని, చెన్నైలో దిగాం. మూడు రాత్రుల ప్రయాణం. తిరిగి వచ్చినప్పటి నుంచి తెలిసినవాళ్లు అడుగుతున్నది ఒకటే: పెద్దవాళ్లతో వెళ్లవచ్చా? పెద్దవాళ్లు ఉంటేనే వెళ్లమని చెబుతున్నాను. మామయ్యకు మోకాళ్ల నొప్పులు. ఏ యాత్రకు వెళ్లినా రోజుకో లాడ్జి, పూటకోసారి సామాను సర్దడం, బస్సు మెట్లు ఎక్కి దిగడం, చివరికి చూడాల్సిన చోట ఆయన బెంచీ మీద కూర్చుండిపోవడం. ఓడలో ఆ బాధ లేదు. గదే మనతో వస్తుంది. పెట్టె ఒకసారి విప్పితే మళ్లీ దిగే ముందు రాత్రే సర్దాలి.

అయితే ఇంటి దగ్గర చేసుకోవలసిన పని చాలా ఉంది. మేం పడిన ఇబ్బందుల్లో ఎక్కువ అక్కడ చేసిన పొరపాట్లవే.

మొదటిది గదుల సంగతి. టికెట్లు తీసిన ఏజెంటు రెండు గదులూ పక్కపక్కనే ఇప్పిస్తానన్నాడు. మేం నోటి మాట నమ్మి డబ్బంతా కట్టేశాం. తీరా చూస్తే అత్తయ్య వాళ్ల గది ఒక అంతస్తులో, మాది అంతకు నాలుగు అంతస్తుల పైన. ఓడలో ఒక కొస నుంచి మరో కొసకు నడవడమంటే మా వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచినట్టే. మామయ్య మందుల వేళకు నేను పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నాను. కాబట్టి గది నంబర్లు కాగితం మీద చూసుకున్నాకే పూర్తి డబ్బు కట్టండి. కొంచెం తక్కువ ధరకు ఇచ్చే టికెట్లలో గదిని కంపెనీయే తన ఇష్టప్రకారం కేటాయిస్తుంది. కుటుంబం కలిసి ఉండాలనుకునేవాళ్లకు ఆ ఆదా పనికిరాదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు లిఫ్టుకు దగ్గరి గది అడగాలి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లకు కింది అంతస్తులో, ఓడ నడిమి భాగంలో తీసుకోవాలి. ఉయ్యాల మధ్యలో కూర్చున్నవాళ్లకు ఊపు తక్కువ కదా, ఇదీ అంతే.

కిటికీ లేని గదులు చవకగా వస్తాయి. పడుకోవడానికే కదా అని వాటికి మొగ్గేవాళ్లు ఉంటారు. పెద్దవాళ్లకు మాత్రం అలాంటి గది వద్దు. వాళ్లు పగలంతా ఆటలకూ పాటలకూ తిరగరు, గదిలోనే ఎక్కువసేపు ఉంటారు. అత్తయ్య గదికి పెద్ద కిటికీ ఉంది, అదీ ఓడకు ఎడమవైపు. ఏజెంటు చేసిన పొరపాటులో మాకు దక్కిన అదృష్టం అదొక్కటే. దాని గురించి తర్వాత చెబుతాను.

సామాను విషయానికొస్తే, పెద్ద పెట్టెలను ఓడరేవులోనే తీసుకుని, సోదా చేసి, తర్వాత గదికి చేరుస్తారు. మా పెట్టెలు వచ్చేసరికి రెండు మూడు గంటలు పట్టింది. బీపీ, షుగరు మాత్రలు, అద్దాలు, పిల్లలకు ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉండాలి. ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే కెటిల్, కత్తి వంటివి రానివ్వరు. బయటి తినుబండారాలూ అంతే. అత్తయ్య శ్రద్ధగా కట్టిన పలాస జీడిపప్పు పొట్లం, రెండు రోజులు కూర్చుని చేసిన జంతికలు మమ్మల్ని దిగబెట్టడానికి వచ్చిన కారులోనే ఇంటికి తిరిగి వెళ్లిపోయాయి. ఆధార్ కార్డులు అసలువే ఉండాలి. ఫోనులో ఫొటో చూపిస్తే చాలదు.

శ్రీకాకుళంలో పొద్దున్నే బయలుదేరి, రణస్థలం, భోగాపురం, తగరపువలస మీదుగా మధ్యాహ్నానికి ముందే విశాఖ చేరుకున్నాం. 2023 సెప్టెంబరులో ప్రారంభించిన కొత్త క్రూయిజ్ టెర్మినల్ శుభ్రంగా ఉంది. మామయ్యకు చక్రాల కుర్చీ కావాలని ముందే రాసి ఇచ్చినందువల్ల లోపలికి వెళ్లేసరికి సిద్ధంగా ఉంచారు. అక్కడికి వెళ్లాక అడిగితే ఆలస్యమవుతుంది. తలుపు దాటి బయటికి రాగానే ఎదురుగా ఓడ. పదకొండు అంతస్తులు. అత్తయ్య తల ఎత్తి చూసి, చేయి చాచి గోడలాంటి ఆ తెల్లటి రేకును తాకి, చేతిని కళ్లకు అద్దుకున్నారు.

ఓడ కదలకముందే అందరినీ ఒకచోట చేర్చి, ఆపద వస్తే ఎటు పరుగెత్తాలో, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో చూపిస్తారు. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే మన కార్డు మీద రాసి ఉన్న చోటికి చేరాలి. చాలామంది విసుక్కుంటూ ఫోన్లు చూసుకుంటున్నారు. నాకు బాధనిపించింది. 1912లో టైటానిక్ మునిగాక, సముద్రంలో ప్రాణరక్షణ కోసం 1914లో దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే విహార ఓడ రాయికి గుద్దుకున్నప్పుడు, ఆ సాయంత్రమే ఎక్కినవాళ్లకు ఈ కసరత్తు ఇంకా చేయించనేలేదు. ముప్ఫై ఇద్దరు పోయారు. ఆ తర్వాతే బయలుదేరకముందే చేయించాలన్న పట్టింపు వచ్చింది. ఆ పది నిమిషాలూ పిల్లలను చెవులప్పగించి విననివ్వండి. మా బాబు ఆ రాత్రే గది నుంచి ఆ చోటికి ఎన్ని మలుపులో లెక్కపెట్టుకుని వచ్చాడు.

చీకటి పడ్డాక ఓడ కదిలింది. డాల్ఫిన్స్ నోస్ కొండను దాటేదాకా, ఓడకు దారి చూపి రేవు దాటించే పైలట్ ఓడలోనే ఉంటాడు. తర్వాత ఓడ పక్కకు ఒక చిన్న మోటారు పడవ వచ్చింది. రెండూ నడుస్తూనే ఉన్నాయి. పైలట్ తాడు నిచ్చెన పట్టుకుని ఓడ గోడ వెంట దిగి, చివరి మెట్టు మీద ఆగాడు. పడవ కెరటం మీద పైకి లేచేదాకా చూశాడు, లేచిన క్షణంలో అడుగు వేశాడు. పడవ కిందికి పడుతున్నప్పుడు గనక వేసి ఉంటే కాలు గాల్లో ఉండేది. పైన రెయిలింగు దగ్గర నిలబడిన మేమందరం ఊపిరి బిగబట్టి చూశాం. చిన్నపిల్లలున్నవాళ్లకు ఒక మాట: ఆ రెయిలింగు అడుగు కడ్డీ మీద పిల్లలు కాలు పెట్టి ఎక్కాలని చూస్తారు. ఒక్క క్షణం కూడా చేయి వదలకండి.

గంటా గంటన్నరకల్లా ఫోన్లు మూగబోయాయి. ఒడ్డు దూరమయ్యాక ఫోను ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌ను పట్టుకుంటే బిల్లు వాచిపోతుంది. ఎక్కగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయాలి. ఓడలో ఇంటర్నెట్ అమ్ముతారు, అదీ ఖరీదే. మేం కొనలేదు. మా అమ్మాయి మొదటి రాత్రి ముఖం ముడుచుకుంది, రెండో రోజు తాతయ్యతో చదరంగం ఆడింది.

రెండో రోజంతా నీళ్లే. వానాకాలం గాలులు కావడంతో ఓడ మెల్లగా ఊగుతూనే ఉంది. ఉదయం పదింటికి అమ్మాయికి వాంతులు మొదలయ్యాయి. మాత్ర ఉంది కానీ, ఈ మాత్రలు కడుపులో తిప్పకముందే వేసుకోవాలి. మొదలయ్యాక వేసుకుంటే నిలవదు. డాక్టరును అడిగి ముందే తెచ్చుకుని, ఓడ ఎక్కే ముందే వేయండి. నేను అమ్మాయిని గదిలో పడుకోబెట్టబోతే అత్తయ్య ఒప్పుకోలేదు. పైకి గాలిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టి, "కింద నీళ్లను చూడకు తల్లీ. అదిగో, ఆకాశం అంచు చూడు. అది కదలదు" అన్నారు. ఊళ్లో కొత్తగా వేటకు వెళ్లే కుర్రాళ్లకు పెద్దవాళ్లు అలాగే చెప్పేవారట. చెవి లోపలి భాగం ఒళ్లు కదులుతోందంటుంది, నాలుగు గోడల మధ్య ఉన్న కన్ను కదలడం లేదంటుంది. ఆ తగువు వల్లే కదా తిప్పడం. పడవ ఎక్కని మనిషికి ఆ మందు తెలుసు. అరగంటలో పిల్ల తేరుకుంది.

తిండికి లోటు లేదు. ఎక్కువగా ఉత్తరాది వంటలు. రెండు పూటలకే అత్తయ్యకు నోరు చచ్చిపోయింది. పెరుగన్నం అడిగితే చేసి తెచ్చారు. మొహమాటపడకుండా అడగాలి. బుఫే తెరవగానే వెళ్తే వరుస పెద్దది, అరగంట ఆగి వెళ్తే పెద్దవాళ్లకు హాయి. గది తాళానికి ఇచ్చే కార్డుతోనే లోపల అన్నీ కొంటాం. చేతిలో నోటు కదలదు కాబట్టి ఖర్చు తెలియదు. పిల్లల కార్డుకు పరిమితి పెట్టించి, రోజూ రాత్రి లెక్క చూసుకుంటే మంచిది. తలకు ఇంత అని రోజువారీ సేవా రుసుము కూడా చివరి బిల్లులో కలుస్తుంది. టికెట్ కొనేటప్పుడే అది అడిగి తెలుసుకోండి.

అత్తయ్య గది శుభ్రం చేసే కుర్రాడిది సోంపేట వైపు పల్లె. మా మాటలు విని తనే పలకరించాడు. నెలల తరబడి ఒప్పందం, మధ్యలో సెలవుండదు. "మీ అమ్మకు ఫోన్ చేశావా నాయనా?" అని అడిగారు అత్తయ్య. "విశాఖలో సిగ్నల్ ఉండగా చేశాను మామ్మగారూ. మళ్లీ పుదుచ్చేరి దగ్గర చేస్తాను" అన్నాడు. దుప్పటి అంచులు మడుస్తున్న అతని చేతులనే చూస్తూ కూర్చున్నారావిడ. జీడిపప్పు పొట్లం తిరిగి పంపేసినందుకు ఆ రోజంతా బాధపడ్డారు.

ఆ మధ్యాహ్నమే గదిలోని టీవీలో ఒక పటం కనిపించింది. ఓడ ఎక్కడుందో చుక్క పెట్టి చూపిస్తారు. పటంలో అటు చివర బర్మా తీరం. "రంగం ఎటు?" అన్నారు అత్తయ్య. అమ్మాయి పటం చూసి, కిటికీ చూసి, "ఇదే నాయనమ్మా. ఈ కిటికీకి ఎదురుగా, కాస్త వెనక్కి" అంది.

విశాఖ నుంచి దక్షిణానికి వెళ్లే ఓడలో కుడివైపు గదులకు మన తీరం ఉంటుంది, కానీ అంత దూరానికి ఏమీ కనిపించదు. ఎడమవైపు గదులకు తెరిపి సముద్రం, సూర్యోదయం. తర్వాతి రోజు తెల్లవారుజామున నేను మందులిద్దామని వెళ్లేసరికి అత్తయ్య కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నీళ్ల మీద ఎర్రటి గీత అప్పుడే విచ్చుకుంటోంది. తాతగారు స్టీమరు డెక్కు మీద, ఎండకూ వానకూ ఒకటే గోనెపట్టా కప్పుకుని ఇటే వెళ్లారని చెప్పారు. బియ్యం మిల్లులో బస్తాలు మోశారట. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక లక్షల మంది కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు, ఆయనా వాళ్లలో ఒకరు. "ఓడలో వెళ్లిన మనిషి కాలినడకన వచ్చాడు. మళ్లీ సముద్రం వైపు ముఖం తిప్పి కూర్చోలేదు" అన్నారు. పెళ్లయి పదహారేళ్లు, ఆవిడ నోట ఈ మాట నేనెప్పుడూ వినలేదు.

పుదుచ్చేరి దగ్గర ఓడ ఒడ్డుకు రాదు, సముద్రంలోనే లంగరు వేస్తుంది. చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. మామయ్య రాలేనని ఆగిపోయారు. అదే మంచిదైంది. ఓడ తలుపు దగ్గర పడవ అడుగున్నర పైకి లేచి కిందికి పడుతోంది. ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకున్నారు. అత్తయ్య తొందరపడలేదు. మొన్న పైలట్ చేసినట్టే పడవ పైకి లేచేదాకా ఆగి, లేవగానే అడుగు వేశారు. మోకాళ్లు బాగున్నవాళ్లే దీనికి పూనుకోవాలి. చెప్పులకు జారని అట్ట ఉండాలి, చేతుల్లో సంచులు ఉండకూడదు. ఒడ్డున మనక్కుళ వినాయకుడి గుడి, సముద్రపు ఒడ్డు బాట చూసేసరికి సమయం సరిపోయింది. చివరి పడవ దాకా ఆగకండి, ఓడ ఎవరి కోసమూ ఆగదు.

మర్నాడు చెన్నైలో దిగాం. దిగడానికే సగం పూట పడుతుంది కాబట్టి మధ్యాహ్నపు విమానాలు పెట్టుకోవద్దు. మేం రాత్రి రైలు తీసుకుని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో, అదే ఆమదాలవలసలో దిగాం.

పోయిన వారం మా వీధిలో ఒకావిడ వివరాలు కనుక్కోవడానికి వచ్చింది. వచ్చే ఏడాది వాళ్ల అమ్మానాన్నలను తీసుకెళ్లాలనుకుంటోంది. నేను కాగితం, కలం తెచ్చి గదుల సంగతి మొదలుపెట్టేలోపు వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"విశాఖలో ఎక్కితే ఎడమవైపు కిటికీ అడగమ్మా."