బొంగురుపోయిన గొంతు, వాయిస్ థెరపీ: నా అనుభవం

నేను టీచర్‌ని. మొదటి పీరియడ్‌లో బాగానే ఉండే గొంతు మధ్యాహ్నానికి బొంగురుపోయేది, సాయంత్రానికి పూర్తిగా పూడుకుపోయేది. మొదట్లో రాత్రి నిద్రపోతే తెల్లారేసరికి సర్దుకునేది. రానురాను సెలవులు ఇచ్చినా సర్దుకోవడం మానేసింది. ఫోన్ ఎత్తితే అవతలివాళ్లు "ఎవరండీ?" అని అడగడం మొదలైంది. టీచర్లకు ఇది మామూలే అని అందరూ తేలిగ్గా తీసేస్తారు. ఆ మాట వింటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఇది మామూలు కాదు, దీనికి వైద్యం ఉంది.

బొంగురు నాలుగు వారాల్లో తగ్గకపోతే స్వరపేటికను చూపించుకోవాలన్నది డాక్టర్లు పాటించే నియమం. పొగతాగే అలవాటున్నా, మెడలో గడ్డ తగిలినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా అంతవరకు కూడా ఆగకూడదు.

ఈఎన్‌టీ డాక్టర్ నాలుక బయటికి పట్టుకుని, సన్నటి గొట్టంలాంటి కెమెరా నోట్లో పెట్టి "ఈ..." అనమన్నారు. స్ట్రోబోస్కోపీ అంటారు దీన్ని. లైటు ఆగి ఆగి వెలగడం వల్ల, కంటికి అందనంత వేగంగా అదిరే స్వరతంత్రులు తెరమీద నెమ్మదిగా కదులుతున్నట్టు కనిపిస్తాయి. తెల్లటి రెండు పట్టీలు, రెండింటికీ సరిగ్గా ఎదురెదురుగా చిన్న ఉబ్బు. పట్టీలు దగ్గరికొచ్చినప్పుడల్లా ముందు ఆ ఉబ్బులే తగిలి, వాటికి ముందూ వెనకా సందు మిగిలిపోతోంది. గాలంతా అందులోంచే పోతోంది. నా మాటలో వినిపించే ఆ గాలి చప్పుడు ఎక్కడిదో కళ్లారా చూశాను. బతికున్న మనిషి స్వరతంత్రులు మాట్లాడేటప్పుడు ఎలా కదులుతాయో 1854లో అద్దాల సాయంతో తన గొంతులోనే చూసుకున్న మాన్యుయెల్ గార్సియా డాక్టర్ కాదు, పాట నేర్పే గురువు. ఆ సంగతి తెలిశాక ఎందుకో చాలా ధైర్యం వచ్చింది.

నా గొంతులో కనిపించిన ఆ ఉబ్బులను నాడ్యూల్స్ అంటారు. ఆడవాళ్లు మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు సెకనుకు సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. అంటే గొంతు మోగిన ప్రతి నిమిషానికి 12,000 సార్లు. గట్టిగా అరిచేకొద్దీ ఆ దెబ్బ బలంగా పడుతుంది. పార పట్టిన అరచేతిలో కాయలు కాసినట్టే, ఎక్కువ దెబ్బ తగిలేచోట అవి లేస్తాయి. ఆపరేషన్ అంటారేమోనని టెన్షన్ పడ్డాను. డాక్టర్ మాత్రం "ముందు స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లండి. మాట్లాడే పద్ధతి మారకుండా కోసి తీసేస్తే మళ్లీ వస్తాయి" అన్నారు.

స్పీచ్ థెరపీ అంటే మాటలు రాని పిల్లలకనే అనుకుంటాం. మింగడం, నత్తి, పక్షవాతం తర్వాత పోయిన మాట, గొంతు, ఇవన్నీ స్పీచ్ థెరపిస్టుల పనే. మొదటి రోజు థెరపిస్ట్ నా చేతికి 30 ప్రశ్నల కాగితం ఇచ్చారు. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు వేసుకోవాలి. గొంతు వల్ల నలుగురిలో కలవడం తగ్గించారా అన్న అర్థం వచ్చే ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగిపోయింది. స్నేహితులకు ఫోన్ చేయడం మానేసి చాలాకాలమైందని అప్పుడే గుర్తొచ్చింది. తర్వాత గుండెనిండా గాలి పీల్చి "ఆ..." అని ఎంతసేపు పట్టగలనో చూశారు. మామూలుగా పదిహేను, ఇరవై సెకన్లు రావాలట. నాది పది దాటలేదు.

కొన్ని అలవాట్లు వెంటనే మార్చమన్నారు. గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటాం కానీ, బిగబట్టి గుసగుసలాడినా శ్రమే. గొంతు సవరించుకోవడం కూడా మానాలి. అలా చేసినప్పుడల్లా తంత్రులు గట్టిగా కొట్టుకుంటాయి. దురదగా ఉంటే ఒక గుక్క నీళ్లు మింగాలి. తాగిన నీళ్లు తంత్రుల మీద పడవు, అవి వెళ్లేది అన్నవాహికలోకి. ఒళ్లంతా తడి ఉంటేనే అక్కడా తడి ఉంటుంది కాబట్టి రోజంతా కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి.

అసలు వైద్యం మాత్రం స్ట్రాతో మొదలైంది. గ్లాసులో కొద్దిగా నీళ్లు పోసి, స్ట్రా కొస మునిగేలా పెట్టి, పెదాలు బిగించి "ఊ..." అంటూ ఊదాలి. బుడగలు ఆగకుండా ఒకే తీరుగా రావాలి. నావి మొదట గబగబా వచ్చి, సగంలో ఆగి, మళ్లీ ఎగసేవి. "మేడమ్, గొంతుతో తోయకండి, గాలిని పంపండి" అనేవారు థెరపిస్ట్. పెదాల దగ్గర దారి సన్నబడితే గాలి ఒత్తిడి వెనక్కి తగిలి, తంత్రులు గట్టిగా కొట్టుకోకుండానే తేలిగ్గా అదురుతాయి. ఒకరోజు బుడగలు సమంగా వస్తుండగా స్ట్రా తీసేసి అదే ఊపిరిలో "ఊ" అనమన్నారు. నా పాత గొంతు వినిపించింది. ఒక్క క్షణమే. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తర్వాత "మ్..." అని హమ్మింగ్. పెదాలు, ముక్కు చుట్టూ సన్నగా జుమ్మనాలి, మెడలో బిగువు తెలియకూడదు. ఆ జుమ్మనడం పోకుండా మామ, మనం, నమ్మకం లాంటి పదాలు. ఆపైన వాక్యాలు, చదవడం, మామూలు కబుర్లు.

అన్నిటికంటే కష్టం క్లాసులో. థెరపిస్ట్ గదిలో చక్కగా వచ్చిన గొంతు పిల్లల సందడిలో పాత దారే పట్టేది. చుట్టూ గోల ఉంటే మనిషికి తెలియకుండానే గొంతు పెరుగుతుందని ఎటియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచ్ డాక్టర్ 1911లోనే చెప్పాడు. అందుకే మనసులో ఎంత గట్టిగా అనుకున్నా లాభం లేకపోయింది. ఏర్పాట్లు మార్చాల్సి వచ్చింది. హాజరు పిలిచేముందు అందరూ సద్దుమణిగేదాకా చెయ్యెత్తి నిలబడేదాన్ని. బోర్డువైపు తిరిగి మాట్లాడటం మానేశాను. నడుముకు కట్టుకునే చిన్న మైకు కొనుక్కున్నాను. గొంతు సమస్యలున్న టీచర్ల మీద 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో మైకు వాడినవాళ్లకు స్పష్టంగా మేలు కనిపించింది, జాగ్రత్తలు మాత్రమే నేర్చుకున్నవాళ్లకు అంత కనిపించలేదు. టీచర్లను తీసుకునేటప్పుడే ప్రతి స్కూలూ ఒక మైకు చేతికివ్వాలని నా గట్టి అభిప్రాయం. దాన్ని ఎవరూ సోకు అనుకోకూడదు.

కొన్ని నెలల తర్వాత మళ్లీ స్ట్రోబోస్కోపీ తీశారు. ఒకవైపు ఉబ్బు దాదాపు కలిసిపోయింది, రెండోవైపు చిన్నగా మిగిలింది. సందు చాలావరకు మూసుకుంది, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. "ఆ..." ఇప్పుడు పదిహేను సెకన్లు నిలుస్తోంది. చివరి పీరియడ్‌లో కూడా వెనక బెంచీ వరకు వినిపిస్తున్నాను. పాట పాడితే మాత్రం పై స్వరాల దగ్గర గొంతు ఇంకా చీలుతోంది. థెరపిస్ట్ ఇప్పుడు స్ట్రాతోనే కింది స్వరం నుంచి పైకి జారుతూ వెళ్లే వ్యాయామం ఇచ్చారు. పొద్దునా సాయంత్రం అదే చేస్తున్నాను.