మణికట్టు నొప్పీ, చార్జింగ్ గన్నూ

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు. పొద్దున లేచాక చేతివేళ్లు మామూలుగా ముడుచుకోవడానికే చాలాసేపు పడుతుంది. అయినా విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడలో మా స్కూలుకి కారు నేనే నడుపుకుంటూ వెళ్తాను. ఎలక్ట్రిక్ కారు కొన్నాక ప్రాణం ఎంత హాయిగా ఉందో! క్లచ్ లేదు, గేర్లు లేవు. హనుమంతవాక జంక్షన్ ట్రాఫిక్‌లో ఎంతసేపు ఆగినా మణికట్టుకి శ్రమ ఉండదు.

నా కష్టమంతా ఇంటికొచ్చి కారు ఆపాకే. పార్కింగ్ గోడకి 15 ఆంప్స్ సాకెట్ పెట్టించుకున్నాం. కేబుల్ చుట్ట విప్పాలి, దాని చివరుండే ప్లగ్గుని, అదే చార్జింగ్ గన్నుని, రెండు చేతులా పట్టుకుని కారులోకి నెట్టాలి. చివరి అర అంగుళం గట్టిగా తోస్తేనే అది సరిగ్గా కూర్చుంటుంది. నా వేళ్లకి సరిగ్గా అక్కడే బలం చాలదు, అరచేతి మొదలు ఆనించి తోస్తాను. పొద్దున దాన్ని లాగడం ఇంకా కష్టం, ఆ వేళకి వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. తుఫాను రోజుల్లో జల్లు పార్కింగ్ లోపలికి కొడుతుంది, కేబుల్ తడిసి జారిపోతుంది. గన్ పూర్తిగా కూర్చుని, కారూ చార్జరూ సరిచూసుకున్నాకే కరెంటు పారుతుందని తెలుసు కాబట్టి షాక్ భయం లేదు. భయమల్లా మణికట్టు గురించే.

"నేను పెడతాలే అమ్మా" అంటాడు మా అబ్బాయి. వాడు మంచివాడే. కానీ నా కారుకి నేను చార్జింగ్ పెట్టుకోవడానికి వాడు ఇంటికొచ్చేదాకా ఎదురుచూడడం నాకు ఇష్టం లేదు.

అందుకే వైర్‌లెస్ చార్జింగ్ మీద నాకింత ఆశ. వంటింట్లో ఇండక్షన్ స్టౌ ఉంది కదా, మూలసూత్రం అదే. ఫారడే 1831లో కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ. నేల మీద ఒక ప్యాడ్, కారు అడుగున ఇంకొకటి. ఇంటి కరెంటుని సుమారు 85 కిలోహెర్ట్జ్‌కి, అంటే సెకనుకి 85 వేల సార్లు ఊగేలా మార్చి కింది తీగచుట్టలోకి పంపితే, పై చుట్టలో కరెంటు పుడుతుంది. కారు దాన్ని ఒకే దిశలో పారే డీసీగా మార్చి బ్యాటరీకి ఇస్తుంది. రెండింటి మధ్య జానెడు ఖాళీ ఉన్నా పనిచేస్తుంది. ప్యాడ్ మీద నాణెం లాంటి లోహం పడితే వేడెక్కుతుంది కాబట్టి దాన్ని పసిగట్టే ఏర్పాటు ఉంటుంది. పిల్లి దూరినా గుర్తుపట్టి ఆపేసేలా వీటిని తయారుచేస్తున్నారు. మా పార్కింగ్‌లో పిల్లులకి కొదవ లేదు మరి.

ఇదేమీ కల కాదు. 2018లోనే బీఎండబ్ల్యూ తన 530ఈ కారుకి 3.2 కిలోవాట్ల ప్యాడ్ ఇచ్చింది. 2020లో కార్ల వైర్‌లెస్ చార్జింగ్‌కి జే2954 అనే ప్రమాణం వచ్చింది, అందులో 11 కిలోవాట్ల దాకా ఉంది. నాకు అంత అక్కర్లేదు. రాత్రంతా కారు ఊరికే నిలబడే ఉంటుంది, 3 కిలోవాట్లు చాలు.

కొంత కరెంటు దారిలో పోతుంది, నిజమే. కారుని సరిగ్గా ప్యాడ్ మీదకి తేవాలి, అటూ ఇటూ ఓ పది సెంటీమీటర్లు తేడా పడితే ఫర్వాలేదు. కేబుల్ కంటే ఖర్చూ ఎక్కువే. "నిమిషం పనికి ఇదంతా ఎందుకు?" అంటారు చాలామంది. ఆ నిమిషం అందరికీ ఒకేలా ఉండదండీ. నాలాంటి చేతులున్నవాళ్లకీ, వీల్‌చైర్‌లోంచి కారెక్కేవాళ్లకీ, నడుం వంగని పెద్దవాళ్లకీ కారు ఆపి దిగి వెళ్లిపోవడమంటే ఎంతో పెద్ద సంగతి. పైగా మన సముద్రపు ఉప్పు గాలికి బయటి లోహం ఏదైనా త్వరగా పాడవుతుంది, ప్యాడ్‌లో బయటికి కనిపించే పిన్నులే ఉండవు.

నా కారులో ఈ సదుపాయం లేదు. అయినా మా అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ ఫ్లోరింగ్ మళ్లీ వేయిస్తామంటున్నారు. మీటర్ బోర్డు నుంచి ప్రతి కారు స్థలం మధ్యదాకా నేల కింద, రేపు ప్యాడ్‌కి వైరు లాగేందుకు, ఒక ఖాళీ పైపు వేయించమని వచ్చే మీటింగ్‌లో అడుగుతాను. సిమెంటు పోశాక తవ్వాలంటే ఎవరూ ఒప్పుకోరు.