పర్లాకిమిడిలో గెలాక్సీల పని: వానాకాలం నోట్స్

మహేంద్రగిరి వైపు మబ్బు పట్టిందంటే మా పర్లాకిమిడిలో ఇక టెలిస్కోప్‌కి గుడ్డ కప్పేయడమే. అందుకే ఈ సీజన్ పనంతా లాప్‌టాప్ మీద నడుస్తోంది. హబుల్, జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపులు తీసిన చిత్రాలు మాస్ట్ అనే ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలోని దూరపు గెలాక్సీలు ఏవి పళ్లెంలా ఉన్నాయో, ఏవి గుండ్రటి ముద్దలో నేనే విడదీసి రాసుకుంటున్నాను.

మొత్తం చిత్రం దించాలంటే జీబీల్లో ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద అది జరిగే పని కాదు, ఉరుము వినబడితే కరెంటూ ఉండదు. కాబట్టి ఒక్కో గెలాక్సీ చుట్టూ 200 పిక్సెళ్ల ముక్క మాత్రమే తీసుకుంటున్నాను. వెబ్ చిన్న తరంగాల కెమెరాలో ఒక పిక్సెల్ సుమారు 0.03 ఆర్క్ సెకండ్లు (ఆర్క్ సెకండ్ అంటే ఒక డిగ్రీలో 3,600వ వంతు), అంటే ముక్క వెడల్పు 6 ఆర్క్ సెకండ్లు. గెలాక్సీ కాంతి ఎంత సాగిందో చెప్పే సంఖ్య రెడ్‌షిఫ్ట్, అది పెరిగేకొద్దీ గెలాక్సీ అంత దూరం. రెడ్‌షిఫ్ట్ 1 నుంచి 3 దాకా 1 ఆర్క్ సెకండ్ అంటే 25 వేల నుంచి 28 వేల కాంతి సంవత్సరాలు. మన పాలపుంతంత గెలాక్సీ అయినా అందులో హాయిగా పడుతుంది.

అసలు తిరకాసంతా ఏ తరంగాల కాంతిని కెమెరాలోకి వదలాలో తేల్చే ఫిల్టర్‌లోనే ఉంది. విశ్వం సాగడం వల్ల కాంతి తరంగం కూడా సాగుతుంది. రెడ్‌షిఫ్ట్ 2 దగ్గరున్న గెలాక్సీని హబుల్‌తో 0.8 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగం దగ్గర చూస్తే, అక్కడ బయలుదేరినప్పుడు అది 0.27 మైక్రాన్ల అతినీలలోహిత కాంతి. అందులో కొత్తగా పుట్టిన నక్షత్రాల గుంపులే మెరుస్తాయి, పాత నక్షత్రాల పళ్లెం కనబడదు. చూసేవాళ్లకి అది ఆకారం లేని గెలాక్సీ. 2022లో వెబ్ తొలి చిత్రాలు వచ్చాక ఆ కాలంలో పళ్లెం గెలాక్సీలు హబుల్ చూపినదానికి 10 రెట్ల దాకా ఎక్కువని తేలింది అందుకే.

నేను పాటిస్తున్న లెక్క: రెడ్‌షిఫ్ట్‌కి 1 కలిపి 0.5తో (కంటికి కనబడే కాంతి తరంగం, మైక్రాన్లలో) గుణించు, వచ్చిన మైక్రాన్లకి దగ్గరి ఫిల్టర్ తీసుకో. రెడ్‌షిఫ్ట్ 2 అయితే 1.5 మైక్రాన్ల ఫిల్టర్ ఎఫ్150డబ్ల్యూ, 3 అయితే 2 మైక్రాన్ల ఎఫ్200డబ్ల్యూ. అప్పుడు అన్నిటినీ ఒకే రంగు కాంతిలో పోల్చినట్టవుతుంది. ముక్కని డీఎస్9 అనే చిత్రాలు చూసే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, మసక భాగాలూ కనబడేలా లాగ్ స్కేల్ పెడతాను. రెడ్‌షిఫ్ట్ 2 దగ్గర ఉపరితల కాంతి 81 రెట్లు తగ్గిపోతుంది కనుక మామూలు స్కేల్‌లో పళ్లెం గెలాక్సీల సర్పిల చేతులు చీకట్లో కలిసిపోతాయి. నున్నగా కనబడినదల్లా ముద్ద, అంటే దీర్ఘవృత్తాకార గెలాక్సీ అని రాసేయడం తొందరపాటే.

ఒడియా మీడియంలో చదివే మా మేనకోడలికి అవే ముక్కలు రెడ్‌షిఫ్ట్ చెప్పకుండా చూపిస్తున్నాను. "మావయ్యా, దీనికి చేతులున్నాయి కదా, ముద్ద అంటావేంటి?" అని నిలదీస్తుంది. ఇద్దరి మాటా కలవనివాటిని వేరే ఫోల్డర్‌లో పడేస్తున్నాను. నాకైతే ఆ ఫోల్డరే ఎక్కువ ఇష్టం.

పుణెలోని రేడియో ఖగోళ పరిశోధన కేంద్రం ఎన్‌సీఆర్‌ఏ పరిశోధకులు రాశీ జైన్, యోగేశ్ వాడదేకర్ 2025లో ప్రకటించిన అలకనంద గెలాక్సీది తర్వాతి వంతు. మహావిస్ఫోటం జరిగిన 150 కోట్ల ఏళ్లకే రెండు చక్కటి సర్పిల చేతులున్న గెలాక్సీ అది. రెడ్‌షిఫ్ట్ దాదాపు 4, అంటే నా లెక్క ప్రకారం 2.5 మైక్రాన్లు. దానికి ఎఫ్277డబ్ల్యూ కావాలి. అది వెబ్ పొడవు తరంగాల కెమెరాలో ఉంటుంది, దాని పిక్సెల్ రెట్టింపు పెద్దది, కాబట్టి 100 పిక్సెళ్ల ముక్క చాలు.