ఏటికేడు ‘సాధారణం’

ఈ రోజు మధ్యాహ్నమంతా బడి ఆరోగ్య రికార్డులతోనే గడిచింది. పిల్లల ఎత్తు, బరువు ఏటా కొలిచి రాస్తూనే ఉన్నాము గాని, ఏ ఏటి కాగితాలు ఆ ఏటి కట్టలోనే ఉండిపోవడం వల్ల ఒక బిడ్డ అంకెలన్నిటినీ వరుసగా పేర్చి చూసే పని ఇంతవరకు జరగలేదు.

అలా పేరుస్తుండగా ఒక పాప కార్డు నన్ను ఆపేసింది. ఐదో ఏట ఆమె బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 15.2, ఆరో ఏట 15.9, ఏడో ఏట 16.7, ఎనిమిదో ఏట 17.5. నాలుగు గడుల్లోనూ ‘సాధారణం’ అని రాసి ఉంది. అది తప్పు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం ఎనిమిదేళ్ల ఆడపిల్లకు 17.7 దాటితేనే అధిక బరువు, 20.6 దాటితే ఊబకాయం. కానీ ఐదో ఏట సరిగ్గా నడిమి గీత మీద, అంటే ఆ వయసు ఆడపిల్లల్లో సగం మందికి పైన, సగం మందికి కింద ఉన్న బిడ్డ మూడేళ్లలో అధిక బరువు గీత అంచుకు వచ్చేసిందన్న సంగతి ఏ ఒక్క గడిలోనూ లేదు. పసితనం దాటాక బీఎంఐ తగ్గుతూ వచ్చి, సుమారు ఐదారేళ్ల వయసులో మళ్లీ పెరగడం మొదలవుతుంది. ఆ పెరుగుదల ఎంత ముందుగా మొదలైతే తరువాత ఊబకాయం వచ్చే అవకాశం అంత ఎక్కువ కనుక, బడిలో చేరిన తొలి రెండేళ్ల కొలతలే నా దృష్టిలో అన్నిటికంటే విలువైనవి.

ఆ కొలతలు సరిగ్గా ఉండాలి మరి. ఎనిమిదేళ్ల అబ్బాయి బరువు 28 కిలోలు, ఎత్తు 128 సెంటీమీటర్లు అయితే బీఎంఐ 17.1, మోకాళ్లు కాస్త వంచి నిలబడినందువల్ల ఎత్తు 125 అని రాస్తే అది 17.9 అవుతుంది, అంటే ఆ వయసు అబ్బాయిలకు అధిక బరువు మొదలయ్యే 17.4 గీత దాటి ఆ అబ్బాయి ఉత్తపుణ్యానికి అధిక బరువు జాబితాలోకి వెళ్తాడు. బూట్లు విప్పించి, మడమలు గోడకు ఆనించి, చూపు నేరుగా ఉంచమని చెప్పడానికి పట్టే అర నిమిషాన్ని ఎవరూ మిగుల్చుకోకూడదు.

బరువును అందరి ముందు పైకి చదవడం మాత్రం నేను సహించలేను. కాలిఫోర్నియా బడుల్లో జరిపి 2021లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, బీఎంఐ ఫలితాలను ఇళ్లకు పంపినంత మాత్రాన పిల్లల బరువులో మార్పేమీ రాలేదు. పైగా బడిలో తూచి ఫలితం ఇంటికి పంపిన పిల్లల్లో తమ బరువు పట్ల అసంతృప్తి పెరిగింది. అందుకే ఆ పాప ఇంటికి చీటీ పంపదలచుకోలేదు. తల్లిదండ్రులను పిలిచి, కార్డు వాళ్ల ముందు పెట్టి, నిద్ర, ఆట, తీపి పానీయాల గురించి నిదానంగా అడుగుతాను. ఎదిగే బిడ్డకు బరువు తగ్గించనవసరం లేదని, ఎత్తు పెరుగుతుండగా బరువు పెరిగే వేగం నెమ్మదిస్తే చాలని ముందే చెప్పాలి. మిగిలిన తరగతుల కట్టలు రేపు విప్పుతాను.